నాన్నకు వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షను వేయించమంటున్నారు: కాలిలోకి లాగే నొప్పి తగ్గుతుందా?

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. నాన్న విషయంలో సలహా కావాలి. వయసు 57. చాలా ఏళ్లు లారీ నడిపారు, ఇప్పుడు పొలం చూసుకుంటున్నారు. షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నారు. నడుము నొప్పి ఆయనకు పాతదే. సంక్రాంతి తర్వాత నుంచి మాత్రం ఎడమ పిరుదులో మొదలై, తొడ పక్కగా, పిక్క బయటి వైపుగా దిగి పాదం పైభాగానికి, బొటనవేలి దాకా లాగుతోంది. మంట, తిమ్మిరి రెండూ ఉన్నాయి. కూర్చుంటే ఎక్కువవుతుంది. దగ్గినా తుమ్మినా కాలిలోకి జివ్వుమంటుంది. బస్సులో కడప దాకా కూడా కూర్చోలేక మధ్యలో లేచి నిలబడుతున్నారు.

ఎంఆర్‌ఐలో ఎల్4-ఎల్5 మధ్య డిస్కు ఎడమ వైపు జారి ఎల్5 నరం మొదలును నొక్కుతోందని రాశారు. కర్నూలులో చూపిస్తే, వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షను వేద్దాం, తగ్గకపోతే ఆపరేషను గురించి ఆలోచిద్దాం అన్నారు. అమ్మ ససేమిరా అంటోంది. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని మా మేనత్త గట్టిగా చెప్పిందట. నాన్న మాత్రం ఏదో ఒకటి చేయించండి, రాత్రి నిద్రపడితే చాలు అంటున్నారు. నాలుగు నెలలు దాటింది. వేయించుకున్నవాళ్లు, వైద్యం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

తమ్ముడూ, నేను వేయించుకున్నాను. నాకు పనిచేసింది. లోపల ఏం చేస్తారో తెలిస్తే మీ అమ్మగారి భయం కొంత తగ్గుతుందని వివరంగా రాస్తున్నాను.

ఆపరేషను గదిలోనే చేస్తారు కానీ ఒళ్లంతా మత్తు ఇవ్వరు. బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద దిండు పెట్టారు. నడుము మీద మందు పూస్తే చల్లగా వణుకు పుట్టింది. చర్మానికి మత్తు సూది వేసేటప్పుడు చురుక్కుమంది. నిజం చెప్పాలంటే అసలు సూది కంటే అదే ఎక్కువ తెలిసింది. పైన సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం ఉంటుంది. డాక్టరు తెర మీద సూది మొనను చూస్తూ కొద్దికొద్దిగా లోపలికి పోనిచ్చారు. ముందు కొంచెం రంగు మందు ఎక్కించి, అది నరం వెంబడి పాకుతోందని చూసుకున్నాకే అసలు మందు ఇచ్చారు. అది వెళ్లేటప్పుడు నాకు రోజూ వచ్చే నొప్పే, అదే దారిలో, పాదం దాకా ఒక్కసారి పాకింది. "మీ నొప్పి ఇదేనా?" అని అడిగారు. ఇదేనన్నాను.

అంతా అరగంట లోపే అయిపోయింది. కాసేపు పడుకోబెట్టి, బీపీ చూసి, సాయంత్రం ఇంటికి పంపారు. కాలు మొద్దుబారి ఉంది కనుక మా ఆవిడ చెయ్యి పట్టుకునే మెట్లు దిగాను. మర్నాడు నొప్పి మళ్లీ మొదలైంది. ఆ తర్వాత వారం లోపల కాలి నొప్పి బాగా దిగింది. నడుములో ఉన్న పాత నొప్పి మాత్రం అలాగే ఉంది, అందులో మార్పేమీ లేదు.

వజ్రకరూరు

మా అమ్మకు వేయించాం, ఏమీ ఉపయోగం లేదు. రెండోసారి వేయించినా అంతే. ఆమెకు నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి లాగుతాయి. ముందుకు వంగి ఏ అరుగు మీదనో కూర్చుంటే తగ్గిపోతుంది. పైగా మేము వెళ్లిన చోట మూడు సూదులు కలిపి ఒకేసారి డబ్బు కట్టించుకున్నారు. మొదటిదానితో ఏమైందో చూడకుండానే మిగతావాటికి తేదీలు కూడా ఇచ్చేశారు. వేరుశనగ అమ్మిన డబ్బులు అందులోకే పోయాయి. అందుకే ఎవరు అడిగినా వద్దనే చెబుతున్నాను.

నాపరాయి (బేతంచెర్ల)

మా దగ్గర రాళ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే ప్రతి ఇంట్లో ఈ నొప్పే. మా వీధి ఆర్‌ఎంపీ పిరుదుకు స్టెరాయిడ్ సూది వేస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది. దానికీ దీనికీ తేడా ఏమిటి? మందు ఒకటే అయితే ఆపరేషను గది, ఎక్స్‌రే, ఇంత ఖర్చు ఎందుకు?

అనంత వైద్యురాలు (అనంతపురం)

నేను మత్తు వైద్యంలో, నొప్పి చికిత్సలో పనిచేస్తున్నాను. ఇక్కడ వచ్చిన ప్రశ్నలన్నీ రోజూ మా గదిలో వినేవే, కనుక కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు పెన్నా గట్టు గారికి. మీరు చెప్పిన దారి, అంటే పిరుదు నుంచి పిక్క బయటి వైపుగా బొటనవేలి దాకా రావడం, ఎల్5 నరానిదే. ఎంఆర్‌ఐలో కనిపించిన చోటూ అదే. ఈ రెండూ కలవడం చాలా ముఖ్యం. ఎందుకంటే ఎంఆర్‌ఐ ఒక్కటే చూసి వైద్యం చేయకూడదు. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, సగం మందికి పైగా కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించింది. నొప్పి లేనివాళ్ల సంగతే అది. కనుక "డిస్కు ఉబ్బింది" అన్న మాట చూసి కంగారు పడవద్దు. నొప్పి నడిచే దారి, పరీక్షలో దొరికే లక్షణాలు, చిత్రం మూడూ ఒకే నరాన్ని చూపించాలి.

మందు చేసే పని ఇది. డిస్కు లోపలి గుజ్జు బయటికి వచ్చినప్పుడు నరాన్ని నొక్కడమే కాదు, దాని రసాయనాల వల్ల నరం వాచి మండుతుంది. స్టెరాయిడ్ ఆ వాపును తగ్గిస్తుంది. జారిన డిస్కును వెనక్కి నెట్టదు. మంట మీద నీళ్లు చల్లినట్టే గానీ పొయ్యిలోని కట్టెలు తీసేసినట్టు కాదు. అయితే ప్రకృతి ఆ కట్టెలను చాలామందిలో తనంతట తానే తీసేస్తుంది. బయటికి వచ్చిన గుజ్జును శరీరం నెలల వ్యవధిలో కరిగించుకుంటుంది. ఆ వ్యవధిలో మనిషి నిద్రపోవడానికి, నడవడానికి ఇంజెక్షను సాయం చేయవచ్చు. దాని విలువ అంతవరకే, అంతకు మించి ఆశ పెట్టడం తప్పు.

నాపరాయి గారికి: తేడా చాలా ఉంది. పిరుదుకు వేసిన మందు ఒళ్లంతా తిరుగుతుంది. నరం మొదలు దగ్గరికి చేరేది అందులో ఏ కొంచెమో. వెన్నులో వేసే ఈ ఎపిడ్యూరల్ పద్ధతిలో వెన్నుపాము పొరకు బయట ఉన్న సన్నని చోటులోకి, వాచిన నరం పక్కకే మందు చేరుతుంది. అందుకే సూది మొన ఎక్కడుందో చూడటానికి ఎక్స్‌రే, రంగు మందు కావాలి. నెలనెలా పిరుదుకు స్టెరాయిడ్ వేయించుకుంటే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, శరీరం సొంతంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. మీ ఫ్యాక్టరీల్లో బరువులు ఎత్తేవాళ్ల ఎముకలు గుల్లబారితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. దయచేసి మానిపించండి.

వజ్రకరూరు గారూ, మీ అమ్మగారి లక్షణాలు వేరు. నడిస్తే రెండు కాళ్లూ లాగడం, ముందుకు వంగితే తగ్గడం వెన్ను కాలువ ఇరుకైనప్పుడు కనిపిస్తాయి. 2014లో 400 మంది ఇటువంటి రోగుల మీద పరీక్ష చేశారు. సగం మందికి మత్తు మందుతో పాటు స్టెరాయిడ్, మిగతా సగానికి మత్తు మందు ఒక్కటే ఇచ్చారు. ఆరు వారాల తర్వాత చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. బ్రిటన్‌లో 2016 నుంచి అమల్లో ఉన్న నైస్ (అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ) మార్గదర్శకాలు కూడా కాలువ ఇరుకు వల్ల నడక ఆగిపోయేవాళ్లకు ఎపిడ్యూరల్ వాడవద్దంటున్నాయి. మన ప్రాంతంలో ఇంకొకటి ఉంది. ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లలో వెన్ను కీళ్ల పట్టీలు గట్టిపడి కాలువ ఇరుకవుతుంది. అక్కడ స్టెరాయిడ్ చేసేదేమీ లేదు. మూడు సూదుల ప్యాకేజీకి ఏ ఆధారమూ లేదు. మొదటిది వేసి, రెండు మూడు వారాలు చూసి, ఉపయోగం కనిపిస్తేనే తర్వాతి మాట.

వజ్రకరూరు

అమ్మ సమస్య వేరని ఇంతవరకు ఎవరూ మాకు విడమరిచి చెప్పలేదు మేడమ్. ధన్యవాదాలు. ఆమెను ఇప్పుడు ఎవరికి చూపించాలి?

అనంత వైద్యురాలు (అనంతపురం)

ఎముకల విభాగంలోనో, నరాల శస్త్రచికిత్స విభాగంలోనో చూపించండి. అనంతపురం, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చూపించవచ్చు. కడప వైపు వాళ్లయితే రిమ్స్. ఆపరేషను అవసరమని తేలితే ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆ పథకం సహాయకులను ముందే అడగండి. పాత ఎంఆర్‌ఐ ఫిల్ములు, ఇంతవరకు వేసిన సూదుల వివరాలు తప్పక తీసుకెళ్లండి.

చదువరి (కడప)

డాక్టరు గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. 2025 ఫిబ్రవరిలో బీఎంజే వైద్య పత్రికలో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక మార్గదర్శకం ప్రచురించింది. మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి, అది నరం వెంట కాలిలోకి దిగే రకమైనా సరే, ఎపిడ్యూరల్ ఇంజెక్షన్లు ఇవ్వవద్దని గట్టిగా చెప్పింది. అంతకుముందు 2020లో, వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 25 పరీక్షలను కలిపి చూస్తే, నూటికి కొలిచే నొప్పి లెక్కలో ఉత్తుత్తి ఇంజెక్షనుకూ అసలు ఇంజెక్షనుకూ తేడా సుమారు 5 మార్కులే. పెన్నా గట్టు గారి నాన్నకు నాలుగు నెలలు దాటింది. మరి ఆయన చేత వేలకు వేలు ఖర్చు పెట్టించడం న్యాయమా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

సగటు లెక్క 5 మార్కులు కావచ్చు సార్. నేను రాత్రిళ్లు గోడకు ఆనుకుని నిలబడి తెల్లవార్చినవాడిని. ఆ తర్వాత మంచం మీద పడుకుని నిద్రపోయాను. ఆ నిద్ర విలువ ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలియదు. ఇది వేయించుకోవద్దని ఆయనకు చెప్పడం నాకు చేతకాదు.

అనంత వైద్యురాలు (అనంతపురం)

చదువరి గారు చెప్పిన రెండూ నిజమే. వాటిని దాచిపెట్టి ఇంజెక్షను వేసే వైద్యులంటే నాకూ కోపమే.

అదే 2025 ఫిబ్రవరిలో అమెరికా నరాల వైద్యుల అకాడమీ 90 అధ్యయనాలను పరిశీలించి మరో మాట చెప్పింది. నరం మొదలు నొక్కుకున్నవాళ్లలో, ఇంజెక్షను తీసుకోనివాళ్లతో పోలిస్తే నూటికి 24 మందికి అదనంగా మూడు నెలల లోపు నొప్పి తగ్గిందన్నారు. ఆపైన ఉపయోగం ఉంటుందనడానికి ఆధారాలు బలహీనం. ఒకే నెలలో రెండు బృందాలు ఇలా వేర్వేరుగా చెప్పడానికి కారణం, ఒకరు దీర్ఘకాలపు నొప్పి అంతటినీ చూసి, లాభం ఎంత, ఖర్చు ఎంత, ప్రమాదం ఎంత అని తూచారు. మరొకరు స్వల్పకాలంలో ఎవరికి తగ్గిందో లెక్కపెట్టారు.

సగటు 5 మార్కులంటే ప్రతి ఒక్కరికీ అయిదే తగ్గిందని కాదు. కొందరికి బాగా తగ్గుతుంది, చాలామందికి ఏమీ తగ్గదు. ఎవరికి తగ్గుతుందో ముందే కచ్చితంగా చెప్పలేం. నా అనుభవంలో కాలి నొప్పి నడుము నొప్పి కంటే బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు, జారిన డిస్కు కొత్తదిగా, ఒక పక్కకు ఉన్నవాళ్లకు మేలు కనిపించింది. ఒట్టి నడుము నొప్పికి నేను వేయను. బ్రిటన్ మార్గదర్శకాల్లో కూడా తీవ్రమైన కొత్త సయాటికాకే (నరం వెంట కాలిలోకి లాగే నొప్పికే) చోటుంది. పెన్నా గట్టు గారి నాన్న కొత్త సయాటికాకూ దీర్ఘకాలపు నొప్పికీ మధ్య నిలబడి ఉన్నారు. నొప్పి నాలుగు నెలలది, కానీ స్పష్టంగా ఒకే నరానిది, నిద్ర చెడగొడుతున్నది. ఇటువంటప్పుడు లాభం కొద్దిదే కావచ్చని, కొన్నాళ్లకే కావచ్చని ముందే చెప్పి, ఆ మాట విని కూడా ఆయన కావాలంటే ఒక్కసారి ప్రయత్నించవచ్చు. నిర్ణయం ఆయనది.

కంబళి (కళ్యాణదుర్గం)

అసలు ఇది డిస్కు నొప్పేనా అని ముందు తేల్చుకోండి అన్నా. మా చిన్నాన్న కథ చెబుతాను. మాది గొర్రెల మంద. చిన్నాన్నకు నడుము నొప్పి, కాలిలోకి లాగుడు. ఒకచోట డిస్కే అన్నారు, ఇంజెక్షనుకు రోజు కూడా ఖాయం చేశారు. వేసేముందు ఇంకో డాక్టరు కూర్చోబెట్టి, జ్వరం వస్తుందా, చెమట పడుతుందా, బరువు తగ్గావా, ఇంట్లో గొర్రెలున్నాయా అని అడిగారు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడి, రాత్రి చొక్కా తడిసేలా చెమట పట్టేది. ఆ ఏడు మా మందలో చాలా గొర్రెలు ఈచుకుపోయాయి (నెలలు నిండకుండానే పిల్లలు పడిపోయాయి). చిన్నాన్న వట్టి చేతులతోనే ఆ మావి తీసి పారేసేవాడు. రక్త పరీక్ష చేస్తే బ్రూసెల్లా (జీవాల నుంచి మనుషులకు సోకే ఇన్‌ఫెక్షను) అని తేలింది. వెన్నుపూసకు పట్టిందట. నెలల తరబడి మాత్రలు మింగి కోలుకున్నాడు. ఆ రోజు స్టెరాయిడ్ పడి ఉంటే రోగం ఇంకా ముదిరేదని డాక్టరు చెప్పారు.

మన జిల్లాల్లో జీవాలు మేపేవాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోవాలి. కాచని పాలు తాగవద్దు. ఈచుకుపోయిన పిల్లల్ని, మావిని చేతి తొడుగులు లేకుండా ముట్టవద్దు.

అనంత వైద్యురాలు (అనంతపురం)

కంబళి గారు రాసింది అందరూ చదవాలి. బ్రూసెల్లాతో పాటు వెన్ను క్షయ కూడా మన దేశంలో తరచుగా చూస్తాం. ఎముకలకు వచ్చే క్షయలో ఎక్కువగా దెబ్బతినేది వెన్నే. పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రపు జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సరు ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఇంజెక్షను కంటే ముందు కారణం వెతకాలి. ఇన్‌ఫెక్షను ఉన్న ఒంట్లో స్టెరాయిడ్ వేయకూడదు.

ఇంకో మాట. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లలో బలం తగ్గిపోవడం, పాదం ఎత్తలేక ఈడ్చుకుంటూ నడవడం. ఇవి కనిపిస్తే ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం చూడకండి. అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్లండి. వెన్ను చివరి నరాల గుత్తి నలిగినప్పుడు గంటలు కూడా లెక్కే.

నిర్వాహకులు

పై పోస్టును చర్చకు మొదట్లో పిన్ చేస్తున్నాం. డాక్టర్ల పేర్లు, ఆసుపత్రుల మీద ఫిర్యాదులు ఇక్కడ రాయవద్దని సభ్యులకు మనవి.

రాగి సంగటి (అనంతపురం)

షుగరు గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు, నేను చెబుతాను. నాకు ఇంజెక్షను వేసిన మర్నాటి నుంచి షుగరు 300 దాటింది. నోరు ఎండిపోవడం, రాత్రంతా మూత్రానికి లేవడం. ముందే చెప్పి ఉంటే సిద్ధంగా ఉండేదాన్ని. నాలుగైదు రోజులకు దానంతట అదే దిగింది. అన్నా, మీ నాన్నగారికి ఇంట్లో షుగరు చూసుకునే మిషను ఉందా? మూడు నెలల సగటు పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఎప్పుడు చేయించారు? అది ఎక్కువగా ఉంటే షుగరు డాక్టరుకు చూపించకుండా తొందరపడకండి. వేసిన తర్వాత వారం దాకా పొద్దున, సాయంత్రం చూసుకోవాలి. మాత్ర పెంచాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, మనం పెంచుకోకూడదు.

ఇంజెక్షను తర్వాత వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందని మా అత్తగారు నెల రోజులు పెట్టనివ్వలేదు. డాక్టరును అడిగితే అలాంటి పథ్యమేమీ లేదన్నారు. షుగరు పెంచేవి మాత్రం తగ్గించాలి.

తుంగభద్ర (కర్నూలు)

గుండెకు స్టెంటు వేసుకున్నవాళ్లు రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటారు. మా నాన్నకు ఇంజెక్షను అన్నప్పుడు వాటిని కొన్ని రోజులు ఆపాలన్నారు. ఆపకపోతే వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కే ప్రమాదం. అలాగని మన ఇష్టానికి ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. గుండె డాక్టరు, సూది వేసే డాక్టరు ఫోనులో మాట్లాడుకున్నాకే తేదీ పెట్టారు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మాత్రలు ఉంటే చీటీతో సహా ముందే చూపించండి.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు)

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. నాన్నకు జ్వరం, బరువు తగ్గడం లేవు. రక్తం పలుచబడే మాత్రలు కూడా లేవు. షుగరు పరీక్షకు రేపు రక్తం ఇస్తాం. డాక్టరమ్మా, అమ్మకు ఉన్న అసలు భయానికి జవాబు చెప్పండి. కాళ్లు పడిపోయే ప్రమాదం నిజంగా ఉందా, లేదా?

అనంత వైద్యురాలు (అనంతపురం)

ఉంది, చాలా అరుదు. అసలు లేదని చెప్పే వైద్యుణ్ణి నమ్మవద్దు. 2014 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే విషయంలో హెచ్చరిక జారీ చేసింది. అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించాయని, ఎపిడ్యూరల్ వాడకానికి స్టెరాయిడ్లను తాము ఆమోదించలేదని చెప్పింది. నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గర సన్నని రక్తనాళాలు ఉంటాయి. రేణువులున్న స్టెరాయిడ్ పొరపాటున అందులోకి వెళితే వెన్నుపాముకు రక్తం ఆగిపోవచ్చు. అందుకే ఆ దారిలో వేసేటప్పుడు రేణువులు లేని డెక్సామెథసోన్ వాడటం మేలు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ట్రయామ్సినలోన్ రేణువులున్నవి. రంగు మందు వేసి చూడటం కూడా ఈ ప్రమాదం తప్పించడానికే. ఏ మందు వాడతారు, ఏ దారిలో వేస్తారు, ఎక్స్‌రే కింద వేస్తారా అని మీరు అడగవచ్చు. అడిగితే విసుక్కునేవారి దగ్గర వేయించుకోవద్దు.

2012లో అమెరికాలో ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వచ్చిన సీసాల్లో ఫంగస్ చేరి, 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. శుభ్రత విషయంలో రాజీ పడకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. సీసా మూత మీ ముందు తెరవమని అడగడంలో తప్పేమీ లేదు.

సాధారణంగా వచ్చే ఇబ్బందులు చిన్నవే: ఒకటి రెండు రోజులు నొప్పి పెరగడం, ముఖం ఎర్రబడటం, నిద్ర పట్టకపోవడం, పొర చిల్లుపడితే లేచి కూర్చున్నప్పుడు తలనొప్పి. సిజేరియన్‌కు ఇచ్చిన మత్తు సూది వల్లే జీవితాంతం నడుము నొప్పి వచ్చిందని చాలామంది అమ్మలు అనుకుంటారు. మీ అమ్మగారి భయం వెనుక అది కూడా ఉందేమో అడగండి. ఆ నమ్మకానికి ఆధారం లేదు. ఆమెను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎదురుగా కూర్చోబెట్టండి, ఫోనులో మీరు చెప్పడం కంటే అది మంచిది.

జరీ అంచు (ధర్మవరం)

నేను ఆపరేషను చేయించుకున్నవాణ్ణి. గుంత మగ్గంలో కూర్చుని, రోజంతా నడుము ముందుకు వంచి పని. ఇంజెక్షను కొన్ని వారాలు సాయపడింది, మళ్లీ మగ్గమెక్కగానే నొప్పి వచ్చింది. తర్వాత బొటనవేలు పైకి లేవడం మానేసింది. చెప్పులో నుంచి కాలు జారిపోయేది, జారిన సంగతి తెలిసేది కాదు. అప్పుడిక సర్జన్ ఆగనివ్వలేదు. కాలి నొప్పి ఆపరేషనైన రోజే పోయింది, వేలి బలం రావడానికి చాలా కాలం పట్టింది. అన్నా, మీ నాన్నను మడమల మీద నడవమని చూడండి. బొటనవేలిని మీ వేలితో కిందికి నొక్కుతూ పైకి లేపమనండి. బలం తగ్గుతుంటే ఇంజెక్షనుతో కాలం గడపవద్దు.

చదువరి (కడప)

ఆపరేషను గురించి కూడా ఒక లెక్క ఉంది. 2007లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు తొందరగా ఆపరేషను, రెండో జట్టుకు ముందు ఆగి చూడటం. ఆగిన జట్టులో 39 శాతం మంది చివరికి ఆపరేషను చేయించుకున్నారు. తొందరగా చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు. బలం తగ్గనంతవరకు ఆగడానికి భయపడనక్కర్లేదు.

నడక (కడప, ఫిజియో)

ఇంజెక్షను వేయించుకుని మళ్లీ మంచమెక్కేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. నొప్పి తగ్గిన ఆ కొన్ని వారాలే పని చేయాల్సిన సమయం. మొదట ఇంటి వరండాలో, తర్వాత వీధి చివరి దాకా, నొప్పి కాలిలోకి కిందికి పాకనంతవరకు నడవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము కండరాలు బిగించే వ్యాయామాలు మెల్లగా పెంచాలి. ఏ వ్యాయామం చేస్తే నొప్పి పాదం నుంచి పైకి, నడుము వైపు మళ్లుతుందో అది మీకు మంచిది. ఏది చేస్తే పాదం వైపు దిగుతుందో అది ఆపాలి. పగలంతా బెల్టు కట్టుకుని ఉంటే కండరాలు నీరసిస్తాయి. పొలంలో మోటారు స్టార్టరు దాకా నడిచి వెళ్లడం ఆపవద్దు, బస్తాలు ఎత్తడం మాత్రం ఎవరికైనా అప్పగించండి. లారీలో లాగా మెత్తని సీటులో గంటల తరబడి కూర్చోవద్దు.

పెన్నా గట్టు (ప్రొద్దుటూరు)

నిన్న మళ్లీ కర్నూలు వెళ్లి వచ్చాం, అమ్మ కూడా వచ్చింది. మడమల మీద నడిపించి, వేలు లేపించి చూశారు, బలం బాగానే ఉంది. కాలు చాచి పైకి ఎత్తితే సగం దూరంలోనే నొప్పి పాదం దాకా పాకింది. మీరు చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లాను. ఎక్స్‌రే కింద, నరం రంధ్రం దగ్గర, డెక్సామెథసోన్ వాడతామన్నారు. ఒక్కటే వేస్తాం, తగ్గకపోతే రెండోది వేయం అన్నారు. తగ్గకపోవచ్చని కూడా ఆయనే అన్నారు. ఆ మాటతోనే నాన్నకు నమ్మకం కుదిరింది. మూడు నెలల షుగరు సగటు 9.4 వచ్చింది కనుక ముందు అది దిగాలని తేదీ వాయిదా వేశారు. షుగరు డాక్టరు మందులు మార్చారు. ఈలోగా నొప్పి దానంతట అదే తగ్గితే ఇంజెక్షను అవసరం లేదన్నారు. అమ్మ తన సిజేరియన్ సంగతి అడిగింది, ఆయన ఓపికగా జవాబు చెప్పారు. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ నాన్న ఇష్టం అంది.

రాగి సంగటి (అనంతపురం)

మంచి పని చేశారు. తేదీ ఖాయమైతే ఆ రోజు బైకు మీద కాదు, కారు మాట్లాడుకుని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకురండి, తోడు ఇద్దరు ఉండాలి. జ్వరం వచ్చినా, నడుము దగ్గర ఎర్రబడినా, తలనొప్పి ఆగకపోయినా ఫోను చేయడానికి ఆ డాక్టరు నంబరు అడిగి రాసుకోండి. షుగరు మిషనుకు స్ట్రిప్పులు సరిపడా ఇప్పుడే కొనిపెట్టండి, మా ఊళ్లో ఆదివారం మందుల షాపులు తెరవరు.